గంటల గోపురము – ఒగ్గువారి డోలు

కారిలాన్ అను వాద్యమును మన విద్యార్థులలో పెక్కుమంది చూచియుండరు. ఎత్తైన గోపురములో శ్రుతిచేసిన కంచుగంటలు, 23కు తక్కువ గాకుండ, వ్రేలాడుచుండును. వాదకుడు కొయ్యమీటలను పిడికిళ్ళతో కొట్టగా తీగలు లాగబడి గంటల నాలుకలు కదలును. ఊరంతయు శ్రోతయే!

బెల్జియములోని మెఖెలెన్ పట్టణమున జెఫ్ డెనైన్ అను వాదకుడు 1922లో ఈ విద్యకొక పాఠశాల నెలకొల్పెను. 1936లో ఉత్తర అమెరికా వాదకులు కెనడా రాజధాని ఒట్టావాలో కూడి సంఘముగా నేర్పడిరి. చందాలు వసూలు చేసి సభలు జరుపుటతో ఈ సంఘము తృప్తిపడలేదు. పరీక్షలో వాయించి మెప్పించినవారికే వాదక సభ్యత్వమను కట్టుబాటు చేసికొనినది. నాకు నచ్చినది ఇదియే. పరీక్షించువారు అధికారులు కారు, గంటలు మ్రోగించువారే.

ఇక మన ప్రాంతము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి, ఈ మూడు ఊళ్ళును 2016 వరకు వరంగల్లు జిల్లాలోనివే. ఇచ్చట బీరప్ప కథను, మల్లన్న కథను చెప్పు ఒగ్గువారికి గోపురము లేదు. ఒగ్గు అనగా శివుని డమరుకము. అదియు, డోలును, తాళమును వారి సామగ్రి, కథయంతయు కంఠస్థము. వాదకుడు పోయినను గోపురమున గంటలు మిగులును. కథకుడు పోయిన కథయే పోవును గదా!

జనగామ సీమలోని మాణిక్యాపురమునకు చెందిన చుక్కా సత్తయ్య ఈ కళను దేశమునకెల్ల ఎరిగించెను. సంగీత నాటక అకాడమీ పురస్కారము నందుకొని, 2017లో గతించెను. ఆ గౌరవము ఆయనకు దక్కవలసినదే. కాని పురస్కారము వృద్ధుని వరించునే గాని, ఆయన వెనుక నిలిచి డోలు పట్టిన కుఱ్ఱవానికి పూటకూడు పెట్టదు.

ఆశువుగా పెరుగు కథకు పరీక్ష యేమిటని కొందరందురు. కాగితముపై ప్రశ్నలిచ్చు పరీక్షయైన నేనును వలదందును. సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగు కొమురవెల్లి మల్లన్న జాతరకు ఒగ్గు పెద్దలు ఎటులైనను వత్తురు. ఒక రాత్రి వారి యెదుట యువకులు కథ చెప్పవలెను; తప్పొప్పులు పెద్దలే తేల్చవలెను. నెగ్గినవారికి నెలనెల కొంత వేతనమిచ్చుట మాత్రమే ప్రభుత్వము పని.

ఉపాధ్యాయులతో ఒక మాట. జాతర దినములలో ఒగ్గువారి పిల్లవాడు బడికి రానిచో, హాజరుపట్టీలో సున్న చుట్టుటకు ముందు, వాడు ఏ కథకు వంత పాడి వచ్చెనో అడుగుడు; వీలైన తరగతిలో ఆ ఘట్టమును చెప్పింపుడు.