చేయని ఫోన్ ఖరీదు

ఇజ్రాయెల్‌లో 24 నవజాత శిశు ఐసీయూ బృందాలకు శిక్షణ పేరుతో ఒక కల్పిత కేసు ఇచ్చారు. కొన్ని బృందాలను మధ్యలో ఓ విదేశీ నిపుణుడి చేత నాలుగు పుల్లవిరుపు మాటలు అనిపించారు. 2015లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన ఫలితం: మాట పడ్డవాళ్లు జబ్బు పోల్చుకోవడంలోనూ, చికిత్సలోనూ వెనకబడ్డారు. సాయం అడగడం తగ్గిపోయింది మరి!

ఇక బ్రిటన్‌కు రండి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో ప్లాబ్ అనే అర్హత పరీక్ష రాసి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరిన జూనియర్ డాక్టరుకు అర్ధరాత్రి పొటాషియం డోసు మీద అనుమానం వచ్చిందనుకోండి. సీనియర్‌కు ఫోన్ చేస్తే అవతల ఓ నిట్టూర్పు, “ఏమంటున్నావో అర్థం కావట్లేదు” అని విసుగు. తెల్ల సహోద్యోగి అయితే “ఈయనింతేలే” అని దులిపేసుకోవచ్చు. ఇతనికి అదనపు లెక్క తగులుతుంది: ఆ చిరాకు నిద్ర చెడినందుకా, తన యాసకా, రంగుకా? ఫిర్యాదు చేస్తే వీసా సంగతేంటి, రేపు రిఫరెన్స్ ఎవరిస్తారు? ఈసారి అనుమానం వస్తే ఫోన్ వైపు చెయ్యి అంత తేలిగ్గా పోదు. వేధింపులు, పదోన్నతులు, క్రమశిక్షణ చర్యల్లో జాతి తేడాలను ఎన్‌హెచ్‌ఎస్ 2015 నుంచి లెక్క కడుతోంది, మంచిదే. చేయని ఫోన్‌కు మాత్రం అందులో గడి లేదు. అందుకే ఈ దురుసుతనాన్ని హెచ్‌ఆర్ వాళ్ల మర్యాద క్లాసులకు వదిలేయకూడదు. మందు పొరపాటు మీద విచారణ జరిగినప్పుడల్లా, అంతకుముందు ఫోనెత్తినవాళ్లు ఎలా మాట్లాడారో కూడా రాబట్టాలి.