కుక్కపిల్లల దత్తతకు నడిమి ఇల్లే కరువు

ఉప్పల్, నాచారం: వీధిలో దొరికిన కుక్కపిల్లను సాకుతామనే వారు ఈ ప్రాంతంలో లేకపోలేదు. దానిని ఇంటి అలవాట్లకు తెచ్చే వరకు నెలో, రెండు నెలలో తమ వద్ద ఉంచుకునే వారే అరుదు. పట్నంలో ఫోస్టరింగ్ అని పిలుస్తున్న ఈ పని ఇంకా కొద్దిమంది జంతు ప్రేమికుల భుజాల మీదే నడుస్తున్నది.

2023 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలయ్యాడు. ఆ భయం కాదనలేనిది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తన మునుపటి ఉత్తర్వును సవరించి, కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలమన్నది. రేబిస్ సోకినవి, మీదపడి కరిచేవి ఇందుకు మినహాయింపు. ఇష్టమున్న వారు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసి దత్తత తీసుకోవచ్చునని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడరాదని కూడా చెప్పింది. నవంబరు 7న మరో మెలిక పడింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, స్టేడియంల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదు. ఉప్పల్ స్టేడియమైనా, నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అయినా ఇదే లెక్క. మరి అవి పోయేదెక్కడికి?

షెల్టరులో కిక్కిరిసి పెరిగిన కుక్క తిండికి కరువు లేకున్నా మనిషికి మచ్చిక కాదు. పార్వో వంటి అంటురోగం ఒక పిల్లకు వస్తే తక్కిన వాటికీ పాకుతుంది. ఇంట్లో అయితే మొదటి రెండు వారాలు వేరుగా ఉంచి, నులిపురుగుల మందు పట్టించి, ఆరు వారాల వయసు నుంచి టీకాలు మొదలు పెట్టవచ్చు. మూడో నెలలో రేబిస్ టీకా. గొలుసుకు, మిక్సీ చప్పుడుకు, పసిపిల్లల అల్లరికి అది ఇక్కడే అలవాటు పడాలి. ఏ కుక్క పిరికిదో, ఏది అన్నం గిన్నె దగ్గర గుర్రుమంటుందో సాకిన వారికే తెలుస్తుంది. ఆ సంగతి దాచకుండా చెబితేనే దత్తత నిలుస్తుంది.

పిల్ల కదా అని దాని గాటును తేలిగ్గా తీసుకోరాదు. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవలసిందే.

ఈ రెండు పేటల్లో ఫ్యాక్టరీల కార్మికులు, చిన్న ఉద్యోగులు అద్దెకుండేవారు ఎక్కువ. కుక్క అంటే ఇంటి యజమాని ఖాళీ చేయమంటాడు. టీకాల ఖర్చు, రాత్రి ఏడుపులు, ఇరుగుపొరుగు సణుగుడు వేరే. అందుకే చాలామంది మనసున్నా ముందుకు రారు.

ఘట్‌కేసర్, కీసర వైపు తోటలున్న రైతులకు కాపలా కుక్క అవసరమే. పెద్దదై దత్తత దొరకని కుక్కకు అది మంచి చోటు. అయితే కారులో తెచ్చి ఊరి పొలిమేరలో దించి పోవడం దత్తత కాదు. తిండి, నీళ్లు దొరకని చోట జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే!

2025 ఆగస్టులో నగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లో కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అలాంటి మేళా ఉప్పల్‌లోనూ జరపాలి. అంతకన్నా ముందు, నెల రోజులు సాకేందుకు ఒప్పుకునే ఇళ్ల జాబితా ఒకటి తయారు చేసి, టీకాల ఖర్చు సంస్థే భరిస్తే అద్దె ఇంటివారు కాకపోయినా సొంత ఇల్లున్న వారైనా కదులుతారు.