నాలుగు సందులు, మూరెడు దారం

కిందటి నెలలో మా చెల్లెలి ఇంటికని విజయవాడలో నవజీవన్ ఎక్కి సూరత్ వెళ్లాను. స్టేషన్‌కు వస్తానన్న బావ రాలేదు. ఫోన్ చేస్తే, "పాపకి పన్ను నొప్పి బావా. రాత్రంతా నిద్ర లేదు. డెంటిస్ట్ దగ్గరున్నాం. నువ్వు టాక్సీ చేసుకుని వచ్చెయ్" అన్నాడు. తపతి నది సముద్రంలో కలిసే చోట, సూరత్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది హజీరా. గ్యాస్, ఎరువులు, ఉక్కు, పాలియెస్టర్ ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఒక టౌన్‌షిప్‌లో వాళ్ల క్వార్టర్. నేను చేరిన గంటకు నా మేనకోడలు బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, తండ్రి భుజం మీద వాలిపోయి వచ్చింది. దానికి అయిదేళ్లు.

నాకు ఆశ్చర్యం వేసింది. నవ్వితే ఆ పిల్ల ముందుపళ్లు ముత్యాల్లా ఉంటాయి. మా చెల్లెలు రెండు పూటలా దగ్గరుండి బ్రష్ చేయిస్తుంది. చాక్లెట్లు లెక్కపెట్టి ఇస్తుంది. అలాంటి పిల్లకు కింది దవడలో పక్కపక్కనున్న రెండు పాలపళ్లు పుచ్చిపోయాయి. పైకి కనబడింది ఆవగింజంత నల్లమచ్చ మాత్రమే. ఎక్స్‌రే తీస్తే ఒక పన్నులో పుచ్చు నరం దాకా వెళ్లిందని తేలింది. దానికి లోపల చికిత్స చేసి స్టీలు తొడుగు వెయ్యాలి. రెండోదానికి ఫిల్లింగ్. అన్నిటికంటే మా చెల్లెలిని బాధపెట్టింది డాక్టరు చివర్లో అన్న మాట: "బ్రష్ బాగానే చేయిస్తున్నారు. ఫ్లాస్ చేయడం లేదు."

"అయిదేళ్ల పిల్లకి ఫ్లాసేమిటన్నయ్యా?" అంది చెల్లెలు ఆ రాత్రి భోజనాల దగ్గర. వాళ్ల అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు. "ఎలాగూ ఊడిపోయే పళ్లు. వాటికి దారంతో సేవలు కూడానా బాబూ? మేమంతా వేపపుల్లతో తోముకుని పెరగలేదా?" అన్నారు.

ఇద్దరివీ సరైన ప్రశ్నలే. చాలా ఇళ్లలో ఇవే వినిపిస్తాయి. పెద్దవాళ్లే సరిగా చేయని పనిని పసిపిల్లలకు చేయాలా? చేస్తే ఏమైనా ఒరుగుతుందా?

ముందు పెద్దావిడ మాట చూద్దాం. పాలపళ్లు ఊడిపోయేవే. కానీ అన్నీ ఒకేసారి ఊడిపోవు. మొత్తం 20 పాలపళ్లలో ముందువి ఆరేడేళ్లకు కదలడం మొదలవుతుంది. వెనక నమిలే పళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. రెండున్నర ఏళ్లకు వచ్చిన పన్ను పదకొండేళ్లకు ఊడితే, ఎనిమిదేళ్లకు పైగా ఆ పిల్ల అన్నం నమలాల్సింది దానితోనే. పైగా కింద తయారవుతున్న శాశ్వత దంతానికి ఈ పన్నే చోటు కాచి ఉంచుతుంది. పుచ్చిందని దాన్ని ముందే పీకించేస్తే, ఆరేళ్లకు వెనక వచ్చే పెద్ద దవడ పన్ను ఖాళీలోకి జరిగి వస్తుంది. తర్వాత రావలసిన పన్నుకు చోటు చాలక వంకర టింకరగా మొలుస్తుంది. అప్పుడు కట్టించే క్లిప్పుల ఖర్చు ఎంతో పెద్ద పిల్లలున్న తల్లిదండ్రులకు తెలుసు.

ఇదేదో కొన్ని ఇళ్ల బాధ కూడా కాదు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో చేయించిన జాతీయ సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో సగానికి పైగా, అంటే 51.9 శాతం మందికి పిప్పి పళ్లున్నట్టు తేలింది.

ఇక చెల్లెలి ప్రశ్న. రెండు పూటలా తోమినా పన్ను ఎందుకు పుచ్చింది? బ్రష్ కుచ్చు పన్ను పైభాగాన్ని, బయటి వైపును, లోపలి వైపును శుభ్రం చేస్తుంది. పన్నుకూ పన్నుకూ మధ్య అవి ఆనుకున్న చోటికి వెళ్లలేదు. చిన్నపిల్లల్లో ముందుపళ్ల మధ్య సందులు ఉండటం సహజం, అది మంచిది కూడా. అక్కడ ఏమీ ఇరుక్కోదు. వెనక నమిలే పళ్లు రెండూ మాత్రం సాధారణంగా మూడు, నాలుగేళ్ల వయసుకు ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడతాయి. శాశ్వత దంతాలకు ఉండే ఎనామిల్ మందంలో దాదాపు సగమే పాలపళ్లకు ఉంటుంది. అందుకే ఆ సందులో మొదలైన పుచ్చు త్వరగా లోపలికి పోతుంది. పైకి గుంట కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

మరి ఫ్లాస్‌తో ఉపయోగం రుజువైందా? నిజం చెప్పాలంటే రుజువులు అంత గట్టిగా లేవు. అమెరికా ప్రభుత్వం 2015లో రూపొందించిన ఆహార మార్గదర్శకాల్లో ఫ్లాస్ ప్రస్తావన మాయమైంది. దాని మీద 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆరా తీసి, ఈ అలవాటుకున్న శాస్త్రీయ ఆధారాలు బలహీనమైనవని రాయడంతో పెద్ద దుమారమే రేగింది. అధ్యయనాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష, బ్రష్‌తో పాటు ఫ్లాస్ వాడితే చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చని మాత్రమే చెప్పగలిగింది. పళ్లు పుచ్చకుండా ఆపుతుందా అన్నదానికి తగిన ఆధారం దొరకలేదు.

పిల్లల విషయంలో అసలు చూడవలసింది 2006లో వెలువడిన మరో సమీక్ష. నాలుగు నుంచి 13 ఏళ్ల లోపు 808 మందిపై జరిగిన ఆరు ప్రయోగాలను అందులో పరిశీలించారు. శిక్షణ పొందినవారు బడి ఉన్న రోజుల్లో ప్రతిరోజూ, దాదాపు 20 నెలల పాటు పిల్లల పళ్ల మధ్య దారం వేసిన చోట పుచ్చే ముప్పు 40 శాతం తగ్గింది. అవి ఎక్కువగా పాలపళ్లే. మూడు నెలలకోసారి వేసిన చోట ఫలితం లేదు. కాస్త పెద్ద పిల్లలు తమంతట తాము రెండేళ్లు వేసుకున్న చోటా లేదు. దారం అదే. తేడా అంతా వేసిన చేతిలోనూ, రోజూ వేయడంలోనూ ఉంది. ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. లాభం కనిపించిన ఆ పిల్లలకు ఫ్లోరైడ్ అందింది తక్కువ. రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోముకునే పిల్లలకు దారం వల్ల అదనంగా కలిగే లాభం అంత ఉండకపోవచ్చు.

దీన్నిబట్టి ఇంట్లో పెట్టుకోవలసిన వరస ఒకటి తేలుతుంది. మొదటిది, రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో పెద్దవాళ్లు తోమించడం. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. మూలికల పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి డబ్బా మీద చదివి కొనాలి. నల్గొండ లాంటి ప్రాంతాల వాళ్లకు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం. ఆ భయం తాగే నీటి వల్ల వచ్చింది. ఇక్కడ రాసేది చిటికెడు, అదీ ఉమ్మేసేది. బోరు నీళ్లు తాగే ఊళ్లలో మాత్రం డాక్టరును అడిగి వాడటం మేలు. రెండోది, తోమాక పాలసీసా, బిస్కెట్ ఇవ్వకపోవడం. తింటే సూరత్‌లోనే తినాలని గుజరాతీల సామెత. అక్కడ పప్పులోనూ బెల్లమే. తీపి ఎంత తిన్నారన్న దానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్లకు ఎక్కువ హాని. ఈ రెండూ కుదిరాక మూడోది ఫ్లాస్. మొదటి రెండూ వదిలేసి దారం పట్టుకుంటే ప్రయోజనం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? అమెరికా పిల్లల దంతవైద్యులు వయసు లెక్క చెప్పరు. రెండు పళ్లు ఎప్పుడు ఆనుకుంటే అప్పుడే అంటారు. నాలుగేళ్ల పిల్లకు సాధారణంగా అలా ముఖ్యంగా ఆనుకునేవి పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు సందులు. ఆరేళ్లకు పెద్ద దవడ పళ్లు వచ్చాక ఎనిమిది. పళ్ల మధ్య అన్నిచోట్లా ఖాళీ ఉన్న పిల్లలకు అసలు అవసరమే లేదు. ఇది నిమిషం పని.

చేసే పద్ధతి కూడా కష్టం కాదు. మూరెడు ఫ్లాస్ తెంపి, రెండు కొసలూ మధ్యవేళ్లకు చుట్టుకుని, నడుమ అంగుళమో రెండంగుళాలో వదలాలి. పిల్ల తల ఒళ్లో పెట్టుకుంటే నోరు బాగా కనబడుతుంది. దారాన్ని రంపంలా ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తూ సందులోకి దించాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక ఒక పన్నుకు చుట్టి హత్తించి రెండు మూడుసార్లు పైకీ కిందకీ రుద్దాలి. తర్వాత పక్క పన్నుకు. ఇంకో సందుకు వెళ్లేటప్పుడు శుభ్రమైన భాగం వాడాలి. వేళ్లు పట్టని చిన్న నోటికి పుల్లకు దారం బిగించిన ఫ్లాస్ పిక్‌లు సులువు. మొదట్లో రెండు మూడు రోజులు కాస్త నెత్తురు కనబడితే కంగారు పడనక్కర్లేదు. అది వాచిన చిగురు లక్షణం. వారం దాటినా ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. కుట్టుదారం, గుండుసూది, అగ్గిపుల్ల మాత్రం పిల్లల నోటి దగ్గరికి రానివ్వకూడదు. ఎనిమిది, పదేళ్లు వచ్చేదాకా పిల్లలు తమంతట తాము దీన్ని సరిగా చేసుకోలేరు.

ఆ రాత్రి ఈ దారం కథ కూడా చెప్పాను. అమెరికన్ డెంటిస్ట్ లెవి స్పియర్ పార్మ్‌లీ 1819లో అచ్చువేసిన పుస్తకంలో పళ్ల సందుల్లో మైనం పూసిన పట్టుదారం వాడమన్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టు స్థానంలోకి నైలాన్ వచ్చింది. సూరత్ అంటేనే దారం. జరీ, నైలాన్, పాలియెస్టర్, వాటితో నేసే చీరలు. కరీంనగర్, వరంగల్ నుంచి వలస వచ్చిన మన పద్మశాలీలు లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్నది ఆ దారంతోనే. పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడి వచ్చిన తండ్రికి పిల్లల నోట్లో దారం వేయమని చెప్పడం తేలికే, చేయడం కష్టం. ఒక్కటే కుదిరేటట్టయితే ఆ ఇంటికి నేను చెప్పేది రాత్రి పూట ఫ్లోరైడ్ పేస్టు. పన్ను పుచ్చాక అయ్యే ఖర్చు ఆ ఇంటికే ఎక్కువ బరువు.

బావకు షిఫ్టు డ్యూటీ. చెల్లెలు టౌన్‌షిప్ బడిలో టీచర్. ఎవరు చేస్తారన్న దగ్గర మాట ఆగిపోయింది. నేను తిరుగు రైలెక్కే రోజుకు స్టీలు పన్ను మెరిపించుకుంటూ మేనకోడలు నవ్వుతోంది గానీ, ఫ్లాస్ డబ్బా మాత్రం ఫ్రిజ్ మీద సీలు తీయకుండానే ఉంది.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే అదే ఎత్తింది. "మామయ్యా, నాన్న నైట్ షిఫ్ట్‌కెళ్లాడు. అమ్మ పేపర్లు దిద్దుకుంటోంది. నాన్నమ్మే దారం వేసింది" అంది. పెద్దావిడ ఫోన్ అందుకుని, "మూరలు మూరలు మల్లెపూలు కట్టిన చెయ్యి బాబూ ఇది. నాలుగు పళ్లదో లెక్కా!" అన్నారు.