మూతికి గుడ్డ... ఎవరి మూతికి?

పోయిన నెల మా పిన్ని కూతురి గృహప్రవేశానికి వెళ్ళాను. వ్రతం అయింది. ఆకులు వేశారు. పులిహోర వడ్డిస్తున్నారు. అంతలో ఎవరో పెద్దాయన ఖళ్ళుఖళ్ళుమని దగ్గారు. అంతే! ఎదురు వరసలో కూర్చున్న ఒకావిడ గబుక్కున కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. దాంతో మొదలైందండీ రామాయణం.

"ఇంకొక్కసారి ఆ మాస్కుల గోల వచ్చిందంటే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాను గానీ, పెట్టుకోను గాక పెట్టుకోను" అన్నారు మా బావగారు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు.

"అదే మన దౌర్భాగ్యం! మన జనానికి క్రమశిక్షణ లేదు. జరిమానా వేస్తే తప్ప ముక్కు మూసుకోరు" అన్నారు హెడ్మాస్టరుగా రిటైరైన మా పెదనాన్న.

ఇద్దరూ నా వైపు తిరిగారు. "కథలు రాస్తావుగా అమ్మాయ్, నువ్వు చెప్పు ఎవరిది ఒప్పో" అన్నారు. నేను బూరెలో నెయ్యి పోయించుకునే పనిలో ఉన్నట్టు నటించి తప్పించుకున్నాను. తీరా ఇంటికొచ్చి తీరిగ్గా ఆలోచిస్తే ఇద్దరిదీ తప్పేననిపించింది. పెద్దవాళ్ళ ముఖాన అనలేని మాట కాగితం మీద అనెయ్యడం నాకు అలవాటే కదా!

ముందే చెప్పేస్తున్నాను, మాస్కు మీద నాకే కక్షా లేదు. రోగం ఉన్న మనిషి మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి కనిపించని తుంపరలు గాలిలో కలుస్తాయి. తలుపులు మూసిన గదిలో అవి చాలాసేపు తేలుతూనే ఉంటాయి. మంచి మాస్కు వాటిని ఆపుతుంది. ఇది నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కాదు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు వూ లియెన్ తే అనే కుర్ర డాక్టరు దూదీ, గాజుగుడ్డా పొరలుగా పెట్టి మాస్కులు తయారుచేయించాడు. మెనీ అనే ఫ్రెంచి డాక్టరు ఆయనకంటే పెద్దవాడు. "ఈ కుర్రాడా నాకు చెప్పేది!" అన్న ధోరణిలో మాస్కు లేకుండానే రోగుల్ని చూడటానికి వెళ్ళాడు. కొద్దిరోజుల్లోనే అదే ప్లేగుతో పోయాడు. ఈ సంగతి మా బావగారు వినాలి.

మరైతే జనానికి మాస్కు పేరెత్తితే అంత కంపరం దేనికి? ఊపిరాడకా? చెవులు నొప్పెట్టా? అవీ ఉన్నాయనుకోండి. కానీ అసలు మంట గుడ్డ మీద కాదు, ఆ నిబంధన నడిచిన తీరు మీద. ఇది పెదనాన్న వినాలి.

బడి సంగతే తీసుకోండి. తెలంగాణలో 2021 సెప్టెంబరు 1న బళ్ళు తెరిచారు. మా అమ్మాయి అప్పుడు ఐదో తరగతి. ఏడాదిన్నర ఇంట్లో ఫోను ముందు కూర్చుని కళ్ళు కాయలు కాసిన పిల్ల, బడంటే ఎగిరి గంతేసింది. గేటు దగ్గిరే చీటీ ఇచ్చారు. బడి గుర్తున్న మాస్కే పెట్టుకోవాలట. అది ఆ బళ్ళోనే కొనాలట! పుస్తకాలు, బూట్లు, టై, ఇప్పుడిది. ఆ గుర్తు చూసి రోగం దణ్ణం పెట్టి వెనక్కి పోతుంది కాబోలు!

సరే, కొన్నాం. క్లాసురూములో పిల్లలు ఎడంగా, నోళ్ళు కట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. కిటికీలు మాత్రం బిగించి ఉండేవి. తెరిస్తే దుమ్ము వస్తుందట. మధ్యాహ్నం పన్నెండున్నరకి గంట కొట్టగానే అందరూ మాస్కులు తీసి, ఒకే గదిలో ఒకరి డబ్బాలో ఒకరు చేతులు పెట్టి తినేవారు. ఒంటిగంటకి మళ్ళీ మాస్కులు. అంటే ఆ అరగంట సేపూ రోగం కూడా భోజనానికి వెళ్ళినట్టన్నమాట! కిటికీలు తెరవమని అడిగితే "అది మా చేతుల్లో లేదండీ" అన్నారు. పిల్లల మూతులు మాత్రం వాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

అన్నిటికన్నా నాకు బాధనిపించింది తెలుగు క్లాసు. లకీ ళకీ, నకీ ణకీ, శకీ షకీ తేడా పిల్లలు చెవులతోనే నేర్చుకోరు. టీచరు నాలుక ఎక్కడ తగులుతోందో, పెదవులెలా కదుల్తున్నాయో చూసి నేర్చుకుంటారు. ఆ ఏడాది ఆ టీచరమ్మ గుడ్డ వెనకనించి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మా అమ్మాయి ఆవిణ్ణి ఒకరోజు బజార్లో మాస్కు లేకుండా చూసి గుర్తుపట్టలేదు. పెదవుల కదలిక చూసే మాటలు అర్థం చేసుకునే చెవిటి పిల్లల మాటేమిటి? ఆ చీటీలో వాళ్ళకోసం ఒక్క ముక్క లేదు.

అయిదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020 ఆగస్టులోనే చెప్పాయి. అయిదేళ్ళలోపు వాళ్ళకి వద్దని మన కేంద్ర ప్రభుత్వమూ 2022 జనవరిలో చెప్పింది. మా పక్కింటి ఎల్.కె.జి. పిల్లాడు మాత్రం ముక్కు కిందకి జారిందని బెంచీ మీద నిలబడ్డాడు. వాడికి ముక్కు తుడుచుకోవడమే రాదు, వాడు మాస్కు సర్దుకుంటాడా!

ఇక ఆఫీసుల సంగతికొద్దాం. మా బావగారి కోపానికి అసలు కారణం ఆ రోజు ఆయన చెప్పలేదు, తర్వాత మా అక్క చెప్పింది. కౌంటరు దగ్గిర రోజుకి వందమందితో మాట్లాడే ఆయన మాస్కుతో చెమటలు కక్కుతుంటే, గాజు గదిలో ఏ.సి. వేసుకుని కూర్చున్న పై అధికారి మాస్కు తీసి బల్లమీద పెట్టి, మాస్కు సరిగా పెట్టుకోలేదని మెమో ఇచ్చాడట. చూశారా? ఆయన కోపం గుడ్డ మీద కాదు, మెమో మీద!

ఇదేదో ఒక్క ఆఫీసు కథ అనుకోకండి. 2020 జూన్‌లో నెల్లూరులో పర్యాటక శాఖవారి హోటల్లో ఒక ఉద్యోగిని, అందులోనూ వికలాంగురాలు, పై అధికారిని మాస్కు పెట్టుకోమంది. ఆమె చేసిన నేరం అంతే. ఆయన ఆమెను కుర్చీలోంచి లాగి ఇనప కడ్డీతో కొట్టాడు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. ఆయన్ని అరెస్టు చేశారు, సంతోషం. కానీ కిందివాళ్ళు పైవాళ్ళకి నిబంధన గుర్తు చేస్తే ఏమవుతుందో అందరికీ అర్థమైపోయింది.

అంతకు ముందు ఏప్రిల్లో నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు సుధాకర్, తమకు ఎన్95 మాస్కులు ఇవ్వడం లేదని బాహాటంగా అన్నారు. ప్రభుత్వం ఆ మాట కాదంది, ఆయన్ని సస్పెండ్ చేసింది. మే నెలలో విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యం కూడా మనం చూశాం. హైకోర్టు సి.బి.ఐ. విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన పోయారు. మాస్కు పెట్టుకోనివాడికి శిక్ష ఉన్న దేశంలో, మాస్కు ఇమ్మని అడిగినవాడికీ శిక్షేనా? నాకు తెలీక అడుగుతున్నాను!

జరిమానాల సంగతి చెబుతాను. తెలంగాణలో అప్పట్లో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు వేసేవారు. ఇళ్ళలో పనిచేసే మనిషికి అది కొన్ని రోజుల కూలి. పెద్ద కారులో వెళ్ళేవాడికి ఒకపూట హోటలు ఖర్చు. నేరం ఒకటే, రూపాయీ ఒకటే, బరువు మాత్రం ఒకటి కాదు. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత కుర్రాడు తలకు దెబ్బలతో ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని ఇంటివాళ్ళు, జీపులోంచి దూకాడని పోలీసులు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఒక గుడ్డముక్క దగ్గిర మొదలైన గొడవ శవం దగ్గిర ఆగింది.

2021 ఏప్రిల్లో కారులో ఒంటరిగా వెళ్ళేవాడు కూడా మాస్కు పెట్టుకోవాల్సిందేనని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సరిగ్గా అదే నెలలో ఇక్కడ నాగార్జునసాగర్, తిరుపతి ఉప ఎన్నికలు జరిగాయి. సభలకి జనాన్ని లారీల్లో తోలారు. ఒంటరిగా కారులో ఉన్నవాడివల్ల ప్రమాదం, లారీలో కిక్కిరిసిన వందమందివల్ల లేదు! ఢిల్లీలో ఆ కారు నిబంధన తియ్యడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది. అదీ హైకోర్టులోనే మరో ధర్మాసనం, ఇదింకా ఎందుకుందని నిలదీశాక!

మనవాళ్ళనే ఎందుకనాలి? 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కు చట్టం చేసింది. ఆ చట్టం తెచ్చిన మేయరూ, ఆరోగ్యాధికారీ కుస్తీల్లాంటి ముష్టియుద్ధం చూడ్డానికి వెళ్ళి, మాస్కుల్లేకుండా ఫోటోలో దొరికిపోయారు. అక్కడ వాళ్ళకీ జరిమానా పడింది. అయినా జనం నమ్మకం పోయింది. 1919 జనవరికల్లా మాస్కు వ్యతిరేక సంఘమే పెట్టుకున్నారు. వందేళ్ళు గడిచినా పెద్దల బుద్ధీ మారలేదు, జనం కోపమూ మారలేదు.

ఇంతమందిని దులిపేశాను కదా, ఇప్పుడు నా సంగతి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ 2020లో మళ్ళీ పనిలోకి వచ్చినప్పుడు, గుమ్మంలోనే ఒక మాస్కు చేతిలో పెట్టి "ఇది లేకుండా లోపలికి రాకు" అన్నాను. ఎంతో ఉదారంగా ఇచ్చాననుకున్నాను. వంటింట్లో పొయ్యి వేడికి, గిన్నెల ఆవిరికి ఆవిడ ముఖమంతా తడిసిపోయేది. నేను మాత్రం నా ఇల్లే కదా అని మామూలుగా తిరుగుతూ, ఆవిడకి అడుగు దూరంలో నిలబడి "అక్కడ జిడ్డు పోలేదు చూడు" అని పురమాయించేదాన్ని. నాలుగో రోజున ఆవిడ గిన్నె కడుగుతూ, తల కూడా ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, రోగం నా నోట్లకెళ్లే వస్తదా? మీ నోట్లకెళ్లి రాదా?"

నా నోట మాట రాలేదు. పదమూడు నవలలు రాసిన నోరు! బజారుకి, బ్యాంకుకి, అపార్ట్‌మెంటు లిఫ్టుకి తిరిగి వస్తున్నది నేను. మా వారు ఆఫీసుకి వెళ్ళొస్తున్నారు. ప్రమాదమంటూ ఉంటే అది ఆవిడకి మా నుంచే ఎక్కువ. ఆ మాస్కు రోగం కోసం ఇచ్చింది కాదు. ఎవరు యజమానో గుర్తుచెయ్యడానికి ఇచ్చింది. గాజు గదిలో కూర్చుని మెమో ఇచ్చిన బ్యాంకు అధికారికీ నాకూ తేడా ఏముంది చెప్పండి?

మర్నాటి నుంచి ఆవిడున్న గంటసేపూ నేనూ పెట్టుకున్నాను. వంటింటి కిటికీ రెండు రెక్కలూ బార్లా తీశాం. చిత్రమేమిటంటే, తర్వాత ఆవిడకి నేను మాస్కు గుర్తుచెయ్యాల్సిన అవసరమే రాలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం, దీంతో ఏం తేలుతుంది అంటారేమో. బంగ్లాదేశ్‌లో 2020 చివరి నుంచి 2021 దాకా 600 గ్రామాల్లో, మూడు లక్షల నలభైవేల పైచిలుకు మందితో ఒక పెద్ద ప్రయోగం చేశారు. అందులో జరిమానాలు లేవు. ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు, ఎందుకో చెప్పారు, ఊరి పెద్దలూ, మసీదుల్లో ఇమాములూ తాము పెట్టుకుని చూపించారు, బజార్లో మనుషులు మర్యాదగా గుర్తుచేశారు. నూటికి 13 మంది పెట్టుకునే చోట 42 మంది పెట్టుకున్నారు. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్ళలో అరవై దాటినవాళ్ళకి రోగం మూడోవంతు దాకా తగ్గింది. గుడ్డ మాస్కుల లాభం అంత స్పష్టంగా తేలలేదు. మరి బడి గుర్తు అచ్చేసిన గుడ్డ మాస్కు సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి పెదనాన్నగారూ, జనానికి క్రమశిక్షణ లేదనకండి. బీదా బిక్కీ అందరూ ఏళ్ళ తరబడి కొంగులూ, తువ్వాళ్ళూ, కర్చీఫులూ కట్టుకుని తిరిగారు. వాళ్ళని విసిగించింది మాస్కు కాదు, దాన్ని కట్టించినవాళ్ళ ఉత్త ముఖాలు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మా అమ్మాయి బడి గేటు మీద మాత్రం "మాస్కు లేనిదే ప్రవేశం లేదు" అన్న కాగితం ఎండకి వెలిసిపోయి ఇప్పటికీ వేలాడుతోంది. పెట్టమన్నవాళ్ళకి తియ్యమనడం గుర్తులేదు. రోగాలు మాత్రం మనల్ని మర్చిపోవు, ఇంకోటి రాకపోదు. అప్పుడు మళ్ళీ చీటీలు వస్తాయి. ఆ రోజు మనం అడగాల్సినవి ఇప్పుడే రాసిపెట్టుకుందాం. మాస్కు పెట్టుకోమన్నవాళ్ళే మాస్కు ఇవ్వాలి, అదీ పనికొచ్చేది. కిటికీలు ముందు తెరవాలి, మూతులు తర్వాత మూయాలి. చంటిపిల్లల్నీ, చెవిటి పిల్లల్నీ లెక్కలో పెట్టుకోవాలి. ఎప్పటిదాకానో తేదీ చెప్పాలి. అన్నిటికన్నా ముందు, చీటీ మీద సంతకం పెట్టినాయన తన మూతికి కట్టుకుని మరీ సంతకం పెట్టాలి.

ఇదంతా రాశాక ఊరుకోలేక మా బావగారికి ఫోనులో చదివి వినిపించాను. ఓపిగ్గా అంతా విన్నారు.

"అంతా బాగానే ఉంది గానీ, ముందు మా మేనేజరుగారిని పెట్టుకోమను, అప్పుడు ఆలోచిస్తాను" అన్నారు.

నేనింతసేపూ చదివింది అదేనండీ మహానుభావా!