స్క్రూడ్రైవర్ నా చేతికొచ్చిన రోజు

మొన్నటిదాకా మా లాప్‌టాప్ ఆన్ చేసి, వంటింట్లోకెళ్ళి కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఆ గుండ్రాలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. వాడికి ఉద్యోగం వచ్చి, ఆఫీసువాళ్ళు వేరేది ఇచ్చాక ఇది నాకొచ్చింది. మన ఇళ్ళల్లో అంతే కదండీ, పాత ఫోనైనా పాత లాప్‌టాపైనా చివరికి చేరేది అమ్మ దగ్గరికే!

దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచితంగా వచ్చే రక్షణ అప్‌డేట్లు మామూలుగా ఆగిపోయాయి. "కొత్తది కొనేద్దాంలే" అన్నారు మావారు. "నువ్వు ముట్టుకోకమ్మా, సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూస్తా" అన్నాడు అబ్బాయి. సంక్రాంతి వచ్చింది, అరిసెలు అయిపోయాయి, వాడు తిరుగు ప్రయాణం బస్సెక్కాడు. లాప్‌టాప్ అలాగే ఉంది.

రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. "ఎస్‌ఎస్‌డీ వేసి మొత్తం ఫార్మాట్ కొట్టేస్తాం. డేటా పోతే మా బాధ్యత కాదు మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు, నా మొహం కూడా చూడకుండా. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఎందుకంటే అందులో 'అమ్మ' అని ఒక ఫోల్డర్ ఉంది. మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆఖరి వేసవిలో తన చేత ఆవకాయ కొలతలు, మంగళహారతులు చెప్పించి రికార్డు చేసుకున్నాను. ఇంకో కాపీ లేదు. షాపతనికి అది డేటా. నాకది మా అమ్మ గొంతు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఇది నేనే చేస్తానని. వారం రోజులు మధ్యాహ్నం పూట సీరియల్ మానేసి వీడియోలు చూశాను. అర్థమైంది ఏమిటంటే, పాత హార్డ్ డిస్కులో పళ్ళెంలాంటిది తిరుగుతూ ఉంటే ఒక ముల్లు దాని మీద వెతికి వెతికి చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అందుకే వేగం. మా లాప్‌టాప్‌లో అది పట్టే ఖాళీ స్లాటు కూడా ఉంది. పాత డిస్కు తీసి పారేయక్కర్లేదు, ఇంటికి ఒక గది పెంచుకున్నట్టే.

ముందుగా చేసిన పని, 'అమ్మ' ఫోల్డర్‌తో సహా అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చెయ్యడం. కాపీ అయిందని వదిలెయ్యలేదు, నాలుగైదు తెరిచి విని చూశాను. తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైటులోంచి విండోస్ 11ని అందులోకి ఎక్కించాను. ఆ పని మొదలెడితే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి చెరిగిపోతాయి, జాగ్రత్త. బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది ముందే కాగితం మీద రాసి గ్యాసు పుస్తకంలో పెట్టుకున్నాను.

వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి మూత విప్పడానికి భయపడలేదు. ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టరు కూడా ఊడదీసి, ఎస్‌ఎస్‌డీని స్లాటులో ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, ఒక్క చిన్న స్క్రూ బిగించాను. మిక్సీ జారు బ్లేడు బిగించడమే దీనికన్నా కష్టం.

అప్పుడు అబ్బాయికి ఫోన్ చేశాను. కాసేపు మాట లేదు. తర్వాత, "పాత డిస్కు కేబుల్ తీశావా అమ్మా?" అన్నాడు. తీశాను. ఇది మాత్రం గుర్తుంచుకోండి. రెండు డిస్కులూ ఉంటే ఏ డిస్కులో వెయ్యాలని అడిగే తెర మీద అవి నంబర్లతో కనిపిస్తాయి. తప్పు దాని మీద డిలీట్ నొక్కితే అంతే సంగతులు. పైగా, విండోస్ మొదలవడానికి కావలసిన ఫైళ్ళు పాత డిస్కులోకి వెళ్ళి కూర్చోవచ్చు. రేపు ఆ డిస్కు తీసేస్తే కొత్తది లేవదు. కేబుల్ తీసేస్తే తెర మీద ఉండేది కొత్త డిస్కులోని ఖాళీ స్థలం ఒక్కటే. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కాను. ప్రొడక్ట్ కీ అడిగితే లేదన్నాను. పాత విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి, ఇంటర్నెట్ కలిశాక అదే గుర్తుపట్టింది.

మధ్యలో ఒకసారి రీస్టార్ట్ అయి మళ్ళీ మొదటి తెరే వచ్చింది. చెమటలు పట్టాయి. పెన్‌డ్రైవ్ తియ్యలేదు, అంతే! తీశాక దాని దారిన అది వెళ్ళింది. అంతా అయ్యాక ఆపేసి, పాత కేబుల్ మళ్ళీ పెట్టి, బయాస్‌లో కొత్త డిస్కుని ముందు వరసలోకి మార్చాను. ఇప్పుడు పాలు పొంగేలోపు లాప్‌టాప్ సిద్ధం.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ప్రెజర్ కుక్కర్ గాస్కెట్ మార్చేది మనం, సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించేది మనం. వాటిని ఎవరూ టెక్నాలజీ అనరు. లాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి "నాకు తెలియదండీ" అని మనమే చేతులు వెనక్కి కట్టుకుంటాం. మగపిల్లలకి ఇది పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. మావాడు పదో తరగతిలో ఇంట్లో కంప్యూటర్ రెండుసార్లు పాడుచేశాడు. "నేర్చుకుంటున్నాడులే" అన్నాం. అదే నేను పాడుచేసి ఉంటే? "తెలియని దాన్లో వేలు పెట్టడం ఎందుకు?" అనేవారు. అసలు తేడా తెలివిలో లేదండీ, పాడుచేసే స్వేచ్ఛలో ఉంది.

ఆ స్వేచ్ఛ మనకి ఎవరూ ఇవ్వరు. బ్యాకప్ ఇస్తుంది. ఇంకో కాపీ భద్రంగా ఉందంటే చెయ్యి వణకదు. ఓపిక లేకపోతే షాపుకే ఇవ్వండి, తప్పేం లేదు. కానీ ముందు మీవి కాపీ చేసుకుని, మన ఫోటోలు, పాస్‌వర్డులు ఉన్న డిస్కు ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకుని ఇవ్వండి.

సాయంత్రం పాత డిస్కులో 'అమ్మ' ఫోల్డర్ తెరిచాను. అనుమతి కావాలంది, కంటిన్యూ నొక్కాను. "కారం ఎంతా అని అడుగుతావేమిటే, కాయని బట్టి కదా!" అని కసిరింది అమ్మ.

పక్క గదిలోంచి మావారు తన పాత లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. "వీలున్నప్పుడు ఇది కూడా చూడు" అన్నారు.

"ముందు మీ ఫైళ్ళు కాపీ చేసుకు రండి" అన్నాను.