పెట్టె పాతకపోయినా అడగాల్సిందే

జీపీఎస్ చూపిన చోటికెళ్లి, దాచిన పెట్టెను వెతికే ఆట జియోకాషింగ్. అందులోనే 2004లో 'ఎర్త్‌కాష్' మొదలైంది. దీన్లో పెట్టె ఉండదు. అక్కడి రాయి, మట్టి పొరలు చూసి ప్రశ్నలకు జవాబులివ్వాలి. అయినా ఆ నేల బాధ్యత చూసే అధికారి అనుమతి కావాలి.

అమెరికాలో 1964 చట్టం కింద కాపాడుతున్న అడవుల్లో, ఏమీ పాతనప్పుడు అనుమతెందుకు అంటారా? రైతుకు వేరే చెప్పాలా! గట్టు మీద పదిమంది నడిస్తే బాట పడుతుంది. ఆ బాట వెంటే వాననీరు దిగి గండి కొడుతుంది. అందుకే అడగడం సబబే. అయితే అధికారులూ దరఖాస్తును మూలన పడేయకూడదు. ఆ రాయి వద్దంటే, నడిచే బాట పక్కనే మరో రాయి చూపాలి. చూసి నేర్చుకున్నవాడే రేపు ఆ కొండకు కాపలా కాస్తాడు.