ఇంటిపేరు మిగిలింది, అమ్మ మాట ఏది?

మొన్న పండక్కి మా ఇంట్లో అందరం చేరాం. "ఇంకొంచెం బువ్వ పెట్టనా?" అని అవ్వ అడిగితే, మునిమనవరాలు "వేండాం పాటి" అంది. అవ్వ నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వే మన తప్పు అంటున్నాం.

రాజపాళయంలో మనం కాపాడుకున్నవి తక్కువేం కాదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారి పేరులో మొదటి అక్షరం పూసపాటి అనే ఇంటిపేరే. తమిళ దేశంలో ఇన్ని తరాలైనా ఇంటిపేరు వదల్లేదు. మన ఊరి తెల్లకుక్కకు 2005లో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. దాని జాతి చెడకూడదని ఎంత పట్టింపో! ఇంటిపేరు నాన్న నుంచి వస్తుంది, దాన్ని దాచుకున్నాం. మాట అమ్మ నుంచి వస్తుంది, దాన్ని మాత్రం గాలికి వదిలేశాం.

బిడ్డ కడుపులో ఉండగానే తల్లి గొంతు వింటుంది. పుట్టిన కొద్ది రోజులకే ఆ గొంతు గుర్తుపడుతుంది. అలాంటి తల్లి, బిడ్డ బడికి పోయే నాటికి ఇంగ్లీషుకో తమిళానికో మారిపోతుంది. అయినా కోపమొస్తే, ఏడుపొస్తే ఆమె నోట వచ్చేది తెలుగే. బిడ్డకు అది పెద్దవాళ్ళు గుట్టుగా మాట్లాడుకునే భాష అయిపోయింది. అమ్మ మనసు విప్పే మాటే బిడ్డకు తెలియకపోతే, ఆ ఇద్దరి మధ్య ఎంత పోయినట్టు?

"ప్రభుత్వం బడిలో తమిళం తప్పనిసరి చేసింది కదా" అంటారు. నిజమే, 2006లో చట్టం వచ్చింది. కానీ ఆ చట్టం బడి దాకానే. మన వంటింట్లో తెలుగు మాట్లాడొద్దని ఎవరూ చెప్పలేదు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిమీద మాకు కోపం లేదు. వీధిలో, బడిలో పిల్లలకు అది ఎలాగూ వస్తుంది. తెలుగు ఇంట్లో రాకపోతే ఇంకెక్కడా రాదు.

ఇంకో మాట. మాతృభాష అని పేరు పెట్టి బరువంతా తల్లి నెత్తిన వేయడం అన్యాయం. చట్టం 2017లో ప్రసూతి సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేసింది. అదీ ఉద్యోగం చేసే కొందరికే. ఆ తర్వాత ఆమె పనికి పోవాలి, వచ్చి వంట చేయాలి, హోంవర్కు చూడాలి. అప్పుడు నాన్న ఏం చేస్తున్నట్టు? టీవీ ముందు కూర్చుని "మీ అమ్మ తెలుగు నేర్పలేదు" అనడం సిగ్గుచేటు.

"అదేం తెలుగు?" అని ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారని కొందరి జంకు. నవ్వనీండి. మన యాసలో తమిళం కలిసింది, కలవదా మరి? అమ్మ ఆ యాసలోనే మనల్ని పెంచింది.

కాబట్టి మేం మా ఇంట్లో ఒకటి పెట్టుకున్నాం: రాత్రి అన్నం వేళ పెద్దలందరం తెలుగే. బిడ్డ తమిళంలో బదులిస్తే తిట్టం, ఎగతాళి చేయం. మళ్ళీ తెలుగులోనే అడుగుతాం. మీరూ ఈ రాత్రే మొదలుపెట్టండి. అవ్వ ఇంకా పక్కనే ఉన్నప్పుడే.